మా పిల్లల మీద పరిశోధన మా పిల్లలే చేసేటట్టు చూడండి: బోథ్ నుంచి వినతిపత్రం

గౌరవనీయులైన
సంచాలకులు, భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి దక్షిణ ప్రాంతీయ కేంద్రం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ గారికి;
అధ్యక్షులు, కార్యవర్గ సభ్యులు, భారతీయ పాఠశాల మనస్తత్వశాస్త్ర సంఘం, పుదుచ్చేరి గార్లకు.

విషయం: ఉత్తర తెలంగాణ బడి పిల్లల మనస్తత్వం, చదువు తీరుపై పరిశోధనకూ, ఆ పనిలోకి కొత్తగా వస్తున్న యువ పరిశోధకులకూ చేయూత కోరుతూ.



బోథ్, బజార్‌హత్నూర్, నేరడిగొండ, ఇచ్చోడ మండలాల సర్కారు బడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పేవాళ్ళం, ఆ బడులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులం, ఈ ఊళ్ళ నుంచే వెళ్ళి విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వశాస్త్రం, విద్యాశాస్త్రం చదువుతున్న పిల్లలం కలిసి ఈ విన్నపం రాస్తున్నాం. గదులు, పోస్టులు, హాస్టల్ బియ్యం గురించి అడగవలసినవాళ్ళను వేరే అడుగుతున్నాం. మీ దగ్గరికి వచ్చింది మీరు మాత్రమే చేయగల పని కోసం.

ముందు మా ఒకటో తరగతి సంగతి చెప్పాలి. ఒకే గదిలో గోండి మాట్లాడే పిల్ల, లంబాడీ మాట్లాడే పిల్లవాడు, కొలామీ ఇంటి నుంచి వచ్చిన బిడ్డ, మరాఠీ ఇంట పెరిగిన ఇంకొకరు, ఉర్దూ ఇంటివాళ్ళు పక్కపక్కన కూర్చుంటారు. వాళ్ళ చేతికిచ్చే పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన తరవాత చాలామంది పిల్లలకు చదువు రెండో భాషలో కూడా కాదు, మూడో భాషలో మొదలవుతోంది. మూడో తరగతికి వచ్చినా అక్షరం కూడబలుక్కుని చదవలేని పిల్లను చూసినప్పుడు మాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ పిల్లకు ఇబ్బంది ఎక్కడ? భాష ఇంకా పట్టుబడలేదా? చెవి సరిగా వినపడటం లేదా? ఇల్లు విడిచి హాస్టల్లో ఉండలేక దిగులు పడుతోందా? పత్తి ఏరే రోజుల్లో తల్లిదండ్రుల వెంట చేనుకు పోయి పాఠాలు తప్పిపోయాయా? లేక నిజంగానే డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యమా? ఈ అయిదింటికీ చేయవలసిన సాయం వేరు వేరు. ఏది ఏదో తేల్చే సాధనం మాత్రం మా చేతిలో లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో పనిచేసే సహిత విద్య టీచరు (ఐఈఆర్పీ) చేతిలోనూ లేదు.

చట్టం అయితే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. 2018 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ధ్రువపత్రం ఎట్లా ఇవ్వాలో చెప్పాయి: ముందు ఐక్యూ పరీక్ష, ఆ తరవాత బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారు చేసిన పరీక్షల వరుస. కాగితం మీద చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ ఐక్యూ పరీక్ష ఎక్కడ పుట్టిందో చూస్తేనే మా బాధ అర్థమవుతుంది. మన దేశంలో పిల్లలకు ఎక్కువగా వాడే పరీక్షల్లో ఒకటి బినే-కామత్. పారిస్‌లో 1905లో బినే, సైమన్ తయారు చేసిన దాన్ని 1930లలో ధార్వాడలో కామత్ గారు కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచారు. ఇంకొకటి మలిన్ పరీక్ష. అమెరికాలో వెక్స్‌లర్ చేసిన దాన్ని 1960లలో నాగ్‌పూర్‌లో మన దేశానికి తగినట్టు మార్చారు. ఆదిలాబాద్‌కు హైదరాబాద్ కన్నా నాగ్‌పూరే దగ్గర. అయినా ఆ ప్రమాణాల్లో మా గూడేల పిల్లలు లేరు, తాండాల పిల్లలు లేరు. ఇంట్లో గోండి మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే పిల్ల మీద ఈ పరీక్షల్లోని మాటల భాగాన్ని ప్రయోగిస్తే వచ్చే మార్కు ఆ పిల్లకు వచ్చిన తెలుగును కొలుస్తుంది. కాగితం మీద మాత్రం దాని పేరు తెలివి.

ఈ పొరపాటుకు రెండు వైపులా పదును ఉంది. భాష రాక వెనుకబడిన బిడ్డకు మందమతి అని ముద్ర పడుతుంది. ఆ ముద్ర బడి దాటి ఊళ్ళోకి, పెళ్ళి మాటల దాకా వెంట వస్తుంది. నిజంగా అభ్యసన వైకల్యం ఉన్న బిడ్డనేమో 'అడవి పిల్ల గదా, ఇంట్లో చదువు లేదు గదా' అని వదిలేస్తారు. పదో తరగతి పరీక్షలో చట్టం ప్రకారం రావలసిన అదనపు సమయం, రాసిపెట్టే మనిషి ఆ బిడ్డకు ఎన్నటికీ దొరకవు. రెండో రకం పొరపాటును ఎవరూ లెక్కపెట్టరు, ఎందుకంటే బడి మానేసిన పిల్ల ఎందుకు మానేసిందో ఏ రిజిస్టరులోనూ రాయరు.

పరిశోధన ఈ చీకటిని పోగొట్టజాలదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. ఒడిశా కొండల్లో కంధ్ పిల్లల మధ్య అజిత్ మహంతి గారు ఏళ్ళ తరబడి పనిచేసి, తమ కుయి భాషతో పాటు ఒడియా కూడా వచ్చిన పిల్లలు ఒక్క భాషే వచ్చినవాళ్ళ కంటే చాలా మానసిక పరీక్షల్లో మెరుగ్గా నిలిచారని చూపించారు. రెండు భాషలు బరువు అనుకునే నమ్మకాన్ని ఆ పని కదిలించింది. కెనడాలో జిమ్ కమిన్స్ వలస పిల్లల రికార్డులు తిరగేసి, కొత్త భాషలో కబుర్లు చెప్పడానికి రెండేళ్ళు చాలినా పాఠం అర్థం చేసుకునే పట్టు రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని, ఈ తేడా తెలియక ఎందరో పిల్లల్ని వైకల్యం ఉన్నవాళ్ళ కింద జమ కట్టారని 1980లలోనే చెప్పారు. ఉస్మానియాలో దుగ్గిరాల వసంత గారు తెలుగు లిపి చదివే పిల్లలు ధ్వనులను ఎట్లా పట్టుకుంటారో పరిశోధించారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల్లో డిస్లెక్సియాను గుర్తించే సాధనాన్ని తెచ్చింది. అది మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో వచ్చింది. దారి వేసినవాళ్ళు ఉన్నారు. ఆ దారి బోథ్ దాకా రాలేదు.

ఇంకో మాట. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ప్రతి సభలో ఈ అంకె వినిపిస్తుంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే మా పిల్లల గురించి మాట్లాడేటప్పుడు కూడా పక్కవాళ్ళ పిల్లల లెక్కే చెబుతున్నాం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తరవాత ఎందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో ఈ రాష్ట్రం మరిచిపోలేదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి మరణం మీద నడిచిన సుక్‌దేబ్ సాహా కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మనసు తెలిసిన, శిక్షణ పొందిన కౌన్సిలర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకు తక్కువ ఉన్నవాళ్ళు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మంచిదే. మా గూడెం బడుల్లో 100 మంది ఉన్నవి ఎన్ని? ఉన్న ఆశ్రమ పాఠశాలకు కౌన్సిలర్ వస్తే ఆయన ఏ భాషలో మాట్లాడతాడు? రాత్రి హాస్టల్ వరండాలో కూర్చుని ఏడ్చే తొమ్మిదేళ్ళ పిల్ల తన బాధ తెలుగులో చెప్పుకోదు.

ఇప్పుడు మా కోరికలు. అన్నిటికంటే పెద్దది మొదట చెబుతున్నాం, మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

తెలుగు రెండో భాషగా నేర్చుకునే పిల్లల కోసం ప్రమాణాలు తయారు చేసే దీర్ఘకాల పరిశోధనకు మీరు పూనుకోవాలి. కనీసం గోండి, లంబాడీ, కొలామీ, మరాఠీ ఇళ్ళ పిల్లలు అందులో ఉండాలి. ఒక పరీక్షను అనువాదం చేసి చేతులు దులుపుకుంటే చాలదు. గోండిలో ఏ మాట తేలికో, ఏది కష్టమో, నాలుగేళ్ళ పిల్లకు ఏ కథ తెలుసో, ఏడేళ్ళ పిల్లవాడు ఎన్ని పేర్లు గుర్తుపెట్టుకోగలడో ఇక్కడే కూర్చుని చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004-05లో గోండి, కొలామీ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా విద్య మొదలుపెట్టినప్పుడు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. వాటిని రాసిన గిరిజన ఉపాధ్యాయుల్లో కొందరు ఇంకా కొలువులో ఉన్నారు, కొందరు రిటైరయ్యారు. పరిశోధనకు వాళ్ళే తొలి సలహాదారులు కావాలి. తయారైన సాధనం మీద ఎవరి వ్యాపార హక్కూ ఉండకూడదు. సర్కారు బడి టీచరు, భవిత కేంద్రం, ఆదిలాబాద్ రిమ్స్ వంటి ఆసుపత్రులు ఉచితంగా వాడుకోగలగాలి.

ఈ పని చేయవలసినవాళ్ళు ఎవరు? ఇక్కడే రెండో కోరిక వస్తుంది. దీన్ని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాం, ఓపిక పట్టండి.

గోండి వచ్చిన పరిశోధకురాలు గోండి పిల్లతో మాట్లాడితే వచ్చే సమాచారం వేరు, దుభాషిని పెట్టుకుని వచ్చినవారికి దొరికేది వేరు. గోండి వచ్చిన అమ్మాయి పీహెచ్‌డీ దాకా వెళ్ళడం అప్పుడప్పుడు జరుగుతుంది. వెళ్ళాక నిలబడటం కష్టం. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. గిరిజన విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌లు దేశం మొత్తం మీద ఏటా 750. ఈ రెండూ దక్కనివాళ్ళు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరితే చేతిలో ఏమీ ఉండదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ అర్హత లేనివాళ్ళకు నెలనెలా ఇచ్చే 8,000 రూపాయలు కూడా అక్కడ రాదు. పరీక్షల కిట్లు కొనాలి, ఇచ్చోడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆటో పోని చోటికి బండి మాట్లాడుకోవాలి. ఒక చదువుకున్న గోండు తమ్ముడు రోజంతా వెంట తిరిగి సాయపడితే అతనికి కూలి గిట్టాలి. థీసిస్ సమర్పించిన నాటి నుంచి వైవా అయ్యేదాకా ఫెలోషిప్ ఆగిపోతుంది, ఆ మధ్య కాలంలో ఎందరో ప్రైవేటు బడిలో టీచరుగా చేరి పరిశోధన వదిలేస్తున్నారు. ఇన్ని కిలోమీటర్లు తిరిగి సేకరించిన సమాచారమంతా అట్టపెట్టెలో ఉండిపోతుంది.

అమెరికాలో పాఠశాల మనస్తత్వశాస్త్రం కోసం పనిచేసే ఒక పండిత సంఘం ఉంది, పేరు సొసైటీ ఫర్ ద స్టడీ ఆఫ్ స్కూల్ సైకాలజీ. 1963లో మొదలైన జర్నల్ ఆఫ్ స్కూల్ సైకాలజీ దాని సొంత పత్రిక. థీసిస్ దశలో ఉన్నవాళ్ళకు ఆ సంఘం ఒక రకం గ్రాంటు, ఉద్యోగంలో తొలి అడుగులు వేస్తున్నవాళ్ళకు వేరే గ్రాంటు ఇస్తుంది. కొత్త పరిశోధకులను ఆ రంగంలో తలపండినవాళ్ళతో ఒక గదిలో కూర్చోబెట్టి, కలిసి పని మొదలుపెట్టించే సమావేశాలు నడుపుతుంది. వాళ్ళంత డబ్బు మన దగ్గర లేదన్నది మాకూ తెలుసు. అయితే ఆ ఏర్పాటులో డబ్బు ఒక పాలే. మనిషి పరిశోధన వదిలిపోయే మలుపులు ఎక్కడున్నాయో గుర్తించి, సరిగ్గా అక్కడే చేయి అందించడం అసలు పని. మన దగ్గర ఆ మలుపులు ఇవి: థీసిస్ కోసం పల్లెలకు తిరిగే ఏడాది, థీసిస్ ఇచ్చిన తరవాతి ఖాళీ, ఉద్యోగం దొరికినా పాఠాల బరువు కింద పరిశోధన నలిగిపోయే మొదటి అయిదేళ్ళు. ఆడపిల్లలకు పెళ్ళి, కాన్పు కూడా.

కనుక ఈ మూడు చోట్లా చిన్న చిన్న గ్రాంట్లు పెట్టండి. సొమ్ము ముందుగా ఇవ్వండి. బిల్లులు పెట్టి ఏడాది తరవాత తీసుకోమంటే జీతం లేనివాళ్ళు ముందు ఎక్కడి నుంచి ఖర్చు పెడతారు? వయసు పరిమితిని పట్టుకోకండి, ఎందుకంటే మా దగ్గర చాలామంది డీఎస్సీ రాసి, టీచరై, ఇంటి బాధ్యతలు కాస్త తీరాక నలభై దగ్గరలో పరిశోధనకు వస్తారు. దరఖాస్తు తెలుగులో పెట్టుకునే వీలివ్వండి. ప్రతి యువ పరిశోధకుడికి తన గైడు గాక ఇంకొక అనుభవజ్ఞుణ్ణి జత చేయండి. ఆ అనుభవజ్ఞుడు ఏడాదికి ఒక్కసారైనా ఇక్కడికి వచ్చి పిల్లల మధ్య కూర్చోవాలి. సమావేశం హైదరాబాద్ హోటల్లో పెట్టే బదులు ఒక ఏడాది ఉట్నూరులోనో ఆదిలాబాద్‌లోనో పెట్టండి. పెద్ద పెద్ద ఆచార్యులు నాగోబా జాతర రోజుల్లో కేస్లాపూర్ వచ్చి చూసిపోతుంటారు, ఆ ఓపిక ఒక ఆశ్రమ పాఠశాల మీద కూడా చూపవచ్చు.

ఈ సందర్భంలో హైమెండార్ఫ్ గారి మాట తలవక తప్పదు. గోండు వీరుడు కొమురం భీం అమరుడైన తరవాత నిజాం సర్కారు తరఫున వచ్చి, భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్న ఆ ఆస్ట్రియా పండితుడు 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. ఆయన రాసిన పుస్తకాల వల్ల ఆయన్ను లోకం గుర్తుంచుకుంది. ఇక్కడివాళ్ళు గుర్తుంచుకున్నది మాత్రం ఆ శిక్షణలో తయారైన గోండు పంతుళ్ళ వల్ల. సమాచారం తీసుకున్న చోటే మనుషుల్ని తయారు చేయడం ఎనభై ఏళ్ళ కిందట సాధ్యమైంది.

  

ఇక టీచర్ల సంగతి. 1896లో పెన్సిల్వేనియాలో లైట్నర్ విట్మర్ మొదటి మానసిక చికిత్సాలయం తెరిచినప్పుడు అక్కడికి మొదట వచ్చిన కేసు అక్షరదోషాలు పోని ఒక పిల్లవాడిది. వాణ్ణి తీసుకొచ్చింది వాడి టీచరమ్మ. పాఠశాల మనస్తత్వశాస్త్రం మొదటి అడుగే టీచరు ప్రశ్నతో పడింది. ఇవాళ మీ గ్రాంటుకు దరఖాస్తు చేయాలంటే విశ్వవిద్యాలయం పేరు కావాలి. సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీలు), స్కూల్ అసిస్టెంట్లు కూడా ఒక యువ పరిశోధకుడితో జంటగా దరఖాస్తు చేసుకునే దారి తెరవండి. 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు అనే చదువు పునాదుల కార్యక్రమం కింద ప్రతి ప్రాథమిక బడిలో ఒక్కో పిల్ల చదివే స్థాయిని రికార్డు చేస్తున్నాం. పంపిన తరవాత ఆ లెక్కల్ని ఎవరు చూస్తారో, ఏం తేలుస్తారో రాసినవాళ్ళకు తిరిగి వినపడదు. ఇంటి భాషతో కలిపి చూస్తే వాటిలో పరిశోధనకు పనికొచ్చేది ఎంతో ఉంది. విద్యాశాఖ అనుమతితో, పేర్లు తీసేసి, దాన్ని ఎలా వాడవచ్చో రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలితో మాట్లాడమని కోరుతున్నాం.

పరిశోధన పేరుతో వచ్చేవాళ్ళు ఎలా నడుచుకోవాలో కూడా మీ గ్రాంటు షరతుల్లో రాయండి. ఇది చిన్నదిగా కనపడుతుంది గానీ మా తల్లిదండ్రులు అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇదే. ఆశ్రమ పాఠశాలలో ఉండే పిల్లల మీద పరీక్ష పెట్టాలంటే వార్డెన్ సంతకం తల్లిదండ్రుల సంతకం కిందికి రాదు. సంక్రాంతికో, దసరాకో ఇంటికి వచ్చినప్పుడు ఊళ్ళో కూర్చుని వాళ్ళ భాషలో చెప్పి అనుమతి తీసుకోవాలి. బిడ్డ వద్దంటే ఆపాలి. అక్టోబరు నుంచి పత్తి ఏరే పని ఉంటుంది, ఇళ్ళలో పెద్దలు దొరకరు. ఫిబ్రవరి, మార్చి అంటే పరీక్షల కాలం. ఈ నెలలు విడిచి రండి. ఏడాది లోపు ఫలితాలు బడికి తిరిగి రావాలి: తెలుగులో రెండు పేజీలు, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో గోండిలోనో లంబాడీలోనో చదివి వినిపించడం. పరీక్షలో ఎవరికైనా సాయం అవసరమని తేలితే ఆ పిల్లను రిమ్స్ దాకా చేర్చే బాధ్యత కూడా పరిశోధకుడిదే అని రాయండి. ఊళ్ళో తిరిగి సమాచారం సేకరించిన స్థానిక యువకుల పేరు వ్యాసంలో కృతజ్ఞతల వరసలో పెట్టి సరిపుచ్చకండి. పని చేసినవాళ్ళ పేరు రచయితల్లో ఉండాలి.

పత్రికల విషయం క్లుప్తంగా. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చుకావాలన్న నియమాన్ని యూజీసీ 2022లో తీసేసింది, 2025లో తాను ఆమోదించే పత్రికల 'కేర్' జాబితా కూడా ఆపేసింది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మాత్రం వ్యాసాలు అడుగుతూనే ఉన్నారు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికల వల నుంచి మా పిల్లల్ని కాపాడండి. మీ ఆధ్వర్యంలో రుసుము లేకుండా, సరైన సమీక్షతో తెలుగులో ఒక వార్షిక సంచిక తీసుకురండి. టీచర్లు చదివేది ఆ సంచికే.

మా వైపు నుంచి ఇవ్వగలిగింది కూడా చెప్పాలి. పరిశోధకులు ఉండటానికి ఊళ్ళో ఇల్లు చూపిస్తాం. గోండి, లంబాడీ, కొలామీ, మరాఠీ తెలిసినవాళ్ళను పరిచయం చేస్తాం. పిల్లలతో కూర్చోవడానికి బడిలో ఒక గది, నిశ్శబ్దంగా ఉండే సమయం ఏర్పాటు చేస్తాం. మొదటి విడతగా మీ తరఫున ఇద్దరు వచ్చి, ఆశ్రమ పాఠశాలలో ఒక రోజు, గూడెం ప్రాథమిక బడిలో ఒక రోజు గడిపి, మా టీచర్లతో, ఇక్కడి పరిశోధక విద్యార్థులతో కూర్చుంటే ఏది ముందు, ఏది తరవాత అన్నది అక్కడే తేల్చుకోవచ్చు. సోయా కోత కాకముందు, అంటే సెప్టెంబరులో రాగలిగితే మేలు.

ఈ పత్రానికి జవాబు తెలుగులో రాయమని వేడుకుంటున్నాం. పాఠశాల కమిటీ సమావేశంలో అందరి ముందు చదవాలి.

ఇట్లు,
బోథ్ ప్రాంత ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పరిశోధక విద్యార్థులు
బోథ్, ఆదిలాబాద్ జిల్లా, తెలంగాణ

ప్రతులు: రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి, హైదరాబాద్, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, ఉట్నూరు, జిల్లా విద్యాశాఖాధికారి, ఆదిలాబాద్.